కంప్యూటర్ మొరాయిస్తే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలు దాదాపు అన్నీ మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే వచ్చాయి. చాలావాటి చివర ఒకటే మాట ఉంది: "షాపుకి తీసుకెళ్తే బోర్డు పోయిందన్నారు, నిజమేనా?" బోర్డు అంటే లోపలి భాగాలన్నీ వచ్చి తగులుకునే మదర్‌బోర్డు. అది పోయిందన్నది నిజమే కావచ్చు, కాకపోనూ వచ్చు. కానీ ఆ మాట అనే ముందు చూడాల్సినవి నాలుగైదు ఉంటాయి, అవన్నీ ఇంట్లో మీరే చూసుకోగలిగినవే. రెండు సంగతులు ముందే చెప్పేస్తాను. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చాక ఆన్ చేసి చూడండి. నాలుగు పనులు కలిపి చేసేస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలీదు, పాడైనా అంతే. రెండోది, కంప్యూటర్ పోతే ఇంకోటి కొనుక్కుంటాం, అందులో ఉన్న ఫొటోలు, కాగితాలు పోతే ఎక్కడా దొరకవు. అందుకని పనిచేస్తున్నంతలోనే వాటిని ఇంకోచోట కాపీ పెట్టుకుని ఆ తర్వాతే దేని మీదైనా చెయ్యి వెయ్యండి.

సోంపేట దగ్గర ఒక పల్లె నుంచి: బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, తెర మీద మాత్రం ఏమీ రావట్లేదు. లోపల్నుంచి కూత ఆగకుండా వస్తోంది. వానలు మొదలైన దగ్గర్నుంచీ ఇదే గోల. మా ఊరు సముద్రానికి దగ్గర. బోర్డు మార్చాలంటున్నారు, మార్చమంటారా?

ఇప్పుడే మార్చకండి. ఫ్యాన్ తిరుగుతూ కూత వస్తోందంటే బోర్డు బతికే ఉంది, ఏదో అందట్లేదని మీకు చెప్పుకుంటోంది. కూతల లెక్క కంపెనీని బట్టి మారుతుంది గానీ, పొడుగ్గా ఆగకుండా మోగుతుంటే చాలా బోర్డుల్లో అనుమానించాల్సింది ర్యామ్‌నే, అంటే నడుస్తున్న పనిని కంప్యూటర్ గుర్తుపెట్టుకునే మెమరీ ముక్కనే. మీ వైపు గాలిలో తేమా ఉప్పూ రెండూ ఎక్కువ. ర్యామ్ ముక్క అంచున బంగారు రంగు పళ్లుంటాయి చూడండి, వాటి మీదా అవి కూర్చునే సందులోనూ పల్చటి పొర పట్టేస్తుంది, కంటికి కనబడదు గానీ కరెంటుని మాత్రం సరిగ్గా పోనివ్వదు.

ఇలా చెయ్యండి. ప్లగ్గు పూర్తిగా పీకెయ్యండి, స్విచ్ కట్టేస్తే చాలదు. పీకాక పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు కూడా పోతుంది. డబ్బాని పక్కకి పడుకోబెట్టి పక్క తలుపు తియ్యండి, రంగు లేని ఇనప భాగాన్ని ఓసారి చేత్తో తాకండి, ఒంట్లో చేరిన స్టాటిక్ కరెంటు అటు పోతుంది. ర్యామ్‌కి అటూ ఇటూ ఉన్న క్లిప్పులు విప్పితే ముక్క పైకి లేస్తుంది, దాన్ని అంచులు పట్టుకునే తియ్యండి. పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో ఆ పళ్లని రెండువైపులా మెల్లగా రుద్ది, రాలిన పొడిని పొడిగుడ్డతో తుడవండి. ఆ సందులో మెత్తటి పొడి బ్రష్ ఒకసారి ఆడించండి. నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర పడుతుంది. మళ్లీ పెట్టేటప్పుడు ముక్క మధ్యలో ఉన్న గాటు, సందులో ఉన్న గాటు ఒకదానికొకటి సరిపోవాలి. రెండు చివర్లా సమానంగా నొక్కితే క్లిప్పులు టక్కుమని వాటంతటవే పడతాయి. ఆ చప్పుడు రాలేదంటే సరిగ్గా కూర్చోలేదనే అర్థం.

రెండు ముక్కలుంటే ఒక్కటే పెట్టి చూడండి, తర్వాత అదే సందులో రెండోది పెట్టి చూడండి. అప్పుడు పోయింది ముక్కా, సందా అన్నది తేలిపోతుంది. మా చెల్లెలి ఇంట్లో కంప్యూటర్‌కి కూడా ఒక షాపులో ఇలాగే బోర్డు మార్చాలన్నారు, పాత సామానుకి వేసేద్దామని వరండాలో పెట్టేశారు కూడా. ఒక ఆదివారం కూర్చుని రబ్బరుతో రుద్ది పెడితే మొదటిసారికే తెర వెలిగింది. ఆ కంప్యూటర్ మీదే ఇప్పుడు మా మేనకోడలు ప్రాజెక్టులు చేసుకుంటోంది.

ఒక్క జాగ్రత్త. కరెంటు వైరు వచ్చి తగులుకునే ఇనప డబ్బాని ఎస్‌ఎంపీఎస్ అంటారు, దాన్ని మాత్రం ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు పీకేశాక కూడా దాని లోపల కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలవ ఉంటుంది. పోయిందనుకుంటే ఆ ఎస్‌ఎంపీఎస్‌నే మొత్తంగా మార్చాల్సిందే.

చీపురుపల్లి నుంచి ఒక టీచర్: రోజూ ఉదయం కంప్యూటర్ పెట్టేసరికి తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తోంది. ఏ సైట్ తెరిచినా "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అని వస్తోంది. వైరస్సా?

వైరస్ కాదు మేడమ్. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి సెల్ ఒకటి ఉంటుంది, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోయింది. సైట్లు చూపించే సర్టిఫికెట్లకి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువు రాసి ఉంటుంది కదా, మీ కంప్యూటర్ పాత తేదీలో ఉండిపోయి వాటిని నమ్మట్లేదు. సెల్ పేరు సిఆర్ 2032, 3 వోల్టులది, వాచీల షాపులోనూ దొరుకుతుంది. ప్లగ్గు పీకి, సెల్ పక్కనున్న చిన్న కొక్కేన్ని నొక్కితే పైకి లేస్తుంది. కొత్తదాన్ని ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టి, తేదీ సరిచేసుకోండి.

రాజాం నుంచి: కంప్యూటర్ డబ్బాని తాకితే చేతికి జివ్వుమంటోంది. కాళ్లకి చెప్పుల్లేకపోతే మరీ ఎక్కువ. టెస్టర్ పెడితే వెలుగుతోంది. మా గుంటడు భయపడి దాని దగ్గరికే వెళ్లట్లేదు. ఎలక్ట్రీషియన్ "అన్ని కంప్యూటర్లకీ ఉండేదే" అని వెళ్లిపోయాడు.

మీ అబ్బాయి భయపడటమే సరైనది, ఆయన చెప్పినదాంట్లో సగమే నిజం. ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటుని శుభ్రం చేయడానికి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి, ఒకటి ఫేజ్ నుంచి డబ్బాకి, ఇంకోటి న్యూట్రల్ నుంచి డబ్బాకి. వాటి గుండా వచ్చే కాస్త కరెంటు ఎర్త్ తీగ ద్వారా భూమిలోకి పోవాలి, అది అలాగే తయారైంది. ఎర్త్ లేకపోతే ఆ కరెంటుకి పోయే దారి లేక డబ్బా మీదే ఉండిపోతుంది, అంటే మన 230 వోల్టుల్లో సగం, దాదాపు 115 వోల్టులు డబ్బా మీద కనిపిస్తాయి. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. ఇంతవరకూ "ఉండేదే" అన్న మాట నిజం. ఇక రెండో సగం ఏమిటంటే, ఎర్త్ లేని ఇంట్లో రేపు ఇంకేదైనా వైరు తెగి ఇనుముకి తగిలితే, అది గ్రైండర్ కావచ్చు గీజర్ కావచ్చు, జివ్వుమని ఊరుకోదు, ప్రాణం తీస్తుంది. కంప్యూటర్ మీకు ముందుగా కబురు చెప్పిందనుకోండి.

కాబట్టి ఇది కంప్యూటర్ రిపేరు కాదు, ఇంటి రిపేరు. సాకెట్‌లో మూడో కన్నానికి అసలు తీగ వచ్చిందా, వచ్చినది బయట ఎర్త్ గోతి దాకా తెగకుండా వెళ్లిందా అన్నది మీటరు పెట్టి చూడమని అడగండి. పాత ఇళ్లలో గొయ్యి ఉంటుంది గానీ తీగ తుప్పు పట్టి తెగిపోయి ఉంటుంది, లేదా ఎండాకాలంలో గొయ్యి పూర్తిగా ఎండిపోతుంది. బొగ్గూ ఉప్పూ వేసిన గొయ్యైతే అప్పుడప్పుడూ రెండు బిందెల నీళ్లు పొయ్యడం కూడా పనే.

రెండు పనులు మాత్రం ఎవరు చెప్పినా చెయ్యకండి. రెండు కన్నాల సాకెట్‌లో పట్టడానికి ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టడం ఒకటి. ఇంకోటి దానికంటే ఘోరం: సాకెట్ లోపలే న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ చిన్న తీగ ముక్క కలిపేసి "ఎర్త్ వచ్చేసింది" అంటారు. జివ్వుమనడం ఆగుతుంది, నిజమే. కానీ స్తంభం దగ్గరో మీటరు దగ్గరో న్యూట్రల్ తెగిన రోజున ఇంట్లో ఉన్న ప్రతి ఇనప వస్తువు మీదకీ పూర్తి కరెంటు వస్తుంది. మీ సాకెట్లలో అలా కలిపి ఉందేమో కూడా ఈ వంకన చూపించుకోండి, సాకెట్లు మీరు విప్పకండి. పని అయ్యేదాకా కంప్యూటర్ తడి చేతులతోనూ ఉత్త కాళ్లతోనూ ముట్టుకోవద్దు.

ఎచ్చెర్ల నుంచి ఒక విద్యార్థి: అన్నయ్య వాడిన పాత ల్యాప్‌టాప్ నాకిచ్చారు. 6వ తరం ఐ3, ర్యామ్ 4 జీబీ, హార్డ్ డిస్క్ 1 టీబీ. తెరుచుకోవడానికే ఐదు నిమిషాలు పడుతోంది. విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయిందట కదా. కొత్తది కొనే స్తోమత లేదు. ఏం చెయ్యాలి?

తమ్ముడూ, ఈ ల్యాప్‌టాప్ నీ డిగ్రీ అయ్యేదాకా బాగానే ఉపయోగపడుతుంది, టెన్షన్ పడకు. ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు, టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డిస్క్ అన్న వరస ఏ పనీ చెయ్యకుండానే ఎప్పుడు చూసినా 100 శాతం దగ్గరే ఉంటే నెమ్మదికి కారణం ప్రాసెసర్ కాదు, లోపల పళ్లెం తిరిగే ఆ పాత హార్డ్ డిస్కే. దాని బదులు తిరిగే పళ్లెం లేని డిస్క్, అంటే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ వేస్తే, 256 జీబీది చాలు, ఐదు నిమిషాలు పట్టేది అర నిమిషంలోకి వస్తుంది. దీనంత మార్పు ఇంకే ఖర్చూ తీసుకురాదు. ఆ తర్వాత డబ్బులుంటే ర్యామ్ 8 జీబీ చేసుకో, కొనే ముందు మాత్రం నీ ముక్క తీసి దాని మీద డీడీఆర్3ఎల్ అని ఉందో డీడీఆర్4 అని ఉందో చూడు, 6వ తరంలో రెండూ వచ్చాయి, ఒకదాని చోట ఇంకోటి పట్టదు.

అడుగు మూత విప్పేటప్పుడు స్క్రూలు అన్నీ ఒకే పొడుగు ఉండవు. ఒక కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ చోటి స్క్రూని ఆ చోటే గుచ్చి పెట్టు. పొడుగు స్క్రూ పొట్టి చోట బిగిస్తే కింద నుంచి బోర్డుని పొడిచేస్తుంది. మూత రాగానే మొదటి పని బ్యాటరీ వైరు ఊడదియ్యడం.

ఇక విండోస్ సంగతి. 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగింది. పేరు నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకి భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచే, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, కాబట్టి నీదానికి రాదు. అడ్డదారిలో ఎక్కించే పద్ధతులు చూపిస్తారు గానీ అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు, పరీక్షల ముందు నీకా తలనొప్పి వద్దు. విండోస్ బదులు వేసుకునే లినక్స్ మింట్ అని ఒకటుంది, ఉచితం. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, డిస్క్ మీద ఏదీ పోదు. వైఫై, సౌండ్, తెలుగు అక్షరాలు అన్నీ సరిగ్గా వస్తున్నాయో చూసుకుని అప్పుడు ఎక్కించు. బ్రౌజర్, ఆఫీస్ ఫైళ్లు, పైథాన్, సి ప్రోగ్రాములు అన్నిటికీ సరిపోతుంది. మీ కాలేజీలో విండోస్ మీద మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్ ఏదైనా అడుగుతారా అన్నది మాత్రం సీనియర్లని కనుక్కో.

ఇంకో చిన్న సంగతి చాలామందికి తెలీదు. విండోస్‌లో షట్‌డౌన్ నొక్కితే అది పూర్తిగా ఆగదు, ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉండి కొంత భాగాన్ని డిస్క్ మీద దాచుకుని మర్నాడు అక్కడి నుంచే మొదలుపెడుతుంది. నిన్నటి తకరారు ఇవాళా ఉంటే కారణం చాలాసార్లు అదే. రీస్టార్ట్ నొక్కితేనే అంతా కొత్తగా మొదలవుతుంది.

విజయనగరం నుంచి: ఉద్యోగానికి అప్లికేషన్ ప్రింటు కోసం పెన్‌డ్రైవ్‌ని ఒక జిరాక్స్ షాపులో పెట్టాను. ఇంటికి వచ్చి చూస్తే నా ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయాయి. సర్టిఫికెట్లన్నీ అందులోనే ఉన్నాయి. పోయినట్టేనా?

పోలేదమ్మా, కంగారుపడి ఫార్మాట్ చెయ్యకండి. అది చిన్న వైరస్. మీ ఫోల్డర్లని దాచేసి వాటి పేర్లతోనే షార్ట్‌కట్‌లు పెడుతుంది, మీరు ఫోల్డర్ అనుకుని దాని మీద నొక్కగానే మీ కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. కాబట్టి ఆ షార్ట్‌కట్‌లు ఒక్కటీ నొక్కవద్దు. మై కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ గుర్తు మీద కుడి బటన్ నొక్కి, విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌తో స్కాన్ చెయ్యండి. షార్ట్‌కట్‌లని తీసేస్తానంటే తీసెయ్యనివ్వండి, అవి మీవి కావు. తర్వాత వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ అన్నదానికి టిక్ పెట్టండి, ఫోల్డర్ ఆప్షన్స్‌లో "హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్" అన్నదానికి టిక్ తీసెయ్యండి. అప్పుడు మీ ఫోల్డర్లు వెలిసిపోయిన రంగులో కనిపిస్తాయి, ఒక్కోసారి పేరే లేని ఒక ఫోల్డర్‌లో అన్నీ కుక్కి ఉంటాయి. వాటిని తెరిచి మీ పీడీఎఫ్‌లు, ఫొటోలు, ఇవి మాత్రమే, కంప్యూటర్‌లో కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి. మీరు పెట్టనిదేదీ ముట్టుకోవద్దు. ఒక్కో ఫైలూ తెరిచి చూసుకున్నాకే పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చెయ్యండి. కంప్యూటర్ మొత్తాన్ని కూడా ఒకసారి ఫుల్ స్కాన్ పెట్టండి, ఆ దాచిపెట్టే టిక్ మళ్లీ పెట్టెయ్యండి.

ఇకమీదట షాపుకి తీసుకెళ్లే పెన్‌డ్రైవ్ వేరే ఉంచుకోండి, అందులో ఆ రోజు ప్రింటు తియ్యాల్సిన ఒక్క ఫైలే వెయ్యండి. సర్టిఫికెట్లు ఒక్క పెన్‌డ్రైవ్‌లోనే ఉండటం, అదీ పది కంప్యూటర్లలో తిరిగే పెన్‌డ్రైవ్‌లో ఉండటం మాత్రం మంచిది కాదమ్మా, ఇవాళే ఇంకో రెండు చోట్ల పెట్టుకోండి.

విజయనగరం నుంచే, ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు: పదిహేనేళ్లుగా రాసుకున్న వ్యాసాలన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. మా అబ్బాయి కొత్త కంప్యూటర్ కొనిచ్చాడు. అందులో తెరిస్తే అన్నీ పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తున్నాయి. నా రాత అంతా చెడిపోయిందా?

మాస్టారూ, ఒక్క అక్షరం కూడా చెడిపోలేదు. పాత పద్ధతిలో ఫైల్లో నిజంగా ఉండేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలే. అను ఫాంట్ వాటి మీద తెలుగు బొమ్మలు తొడుగుతుంది. కొత్త కంప్యూటర్‌లో ఆ తొడుగు లేదు కాబట్టి లోపలిది బయటపడింది. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న దాని సొంత సంఖ్య ఉంటుంది, "క" అంటే ఏ కంప్యూటర్‌లోనైనా ఏ ఫోన్‌లోనైనా 0సి15 అన్న సంకేతమే. అందుకే వాట్సాప్‌లో మీరు పంపిన తెలుగు అమెరికాలో ఉన్న మనవడి ఫోన్‌లోనూ తెలుగుగానే కనిపిస్తోంది.

ముందుగా పాత కంప్యూటర్‌ని ఎవరికీ ఇచ్చెయ్యకండి. అది పనిచేస్తున్నంతలోనే ప్రతి వ్యాసాన్నీ దాంట్లో తెరిచి పీడీఎఫ్‌గా దాచండి, రేపు ఏమైనా చదువుకోడానికి అది ఉంటుంది. తర్వాత అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉచితంగా దొరుకుతాయి, వ్యాసం కాపీ చేసి అందులో వేస్తే మారుతుంది. అనులో వెర్షన్లు ఉన్నాయి, 6కి పనికొచ్చే కన్వర్టర్ 7కి సరిగ్గా పని చెయ్యదు, మీ వ్యాసం దేంట్లో కొట్టారో ముందు చూసుకోండి. మారాక కూడా వత్తుల దగ్గరా, క్ష, జ్ఞ లాంటి వాటి దగ్గరా, అంకెల దగ్గరా తప్పులు దొర్లుతాయి. పీడీఎఫ్ పక్కన పెట్టుకుని చదివి దిద్దుకోక తప్పదు. రోజుకి ఒక వ్యాసం చొప్పున పెట్టుకోండి.

ఇక కొత్తగా రాసేవి నేరుగా యూనికోడ్‌లోనే రాయండి. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు చేర్చుకుని కీబోర్డుల్లో తెలుగు ఫొనెటిక్ ఎంచుకుంటే, ఇంగ్లీషు అక్షరాలతో అమ్మ అని కొడితే తెరమీద అమ్మ అనే వస్తుంది. విండోస్ బటన్, స్పేస్ బార్ కలిపి నొక్కితే ఇంగ్లీషుకీ తెలుగుకీ మారుతుంది. పదిహేనేళ్ల రాత ఇది, ఎవరో వచ్చి చేస్తారని వాయిదా వెయ్యకండి మాస్టారూ.

నరసన్నపేట, రైస్ మిల్లు ఆఫీసు నుంచి: సిస్టమ్ పెట్టిన ఇరవై నిమిషాలకి దానంతటదే ఆగిపోతోంది. కాసేపయ్యాక మళ్లీ వస్తుంది.

తవుడు దుమ్ము. ఇంకేమీ అయ్యుండదు. ప్రాసెసర్ మీద ఫ్యాన్, దాని కింద అల్యూమినియం రేకుల దిమ్మ ఉంటాయి, ఆ రేకుల మధ్య తవుడు దట్టంగా పట్టి గాలి పోదు, వేడి హద్దు దాటగానే తనని తాను కాపాడుకోడానికి కంప్యూటర్ ఆగిపోతుంది. ఆరుబయటకి తీసుకెళ్లి మెత్తటి పెయింట్ బ్రష్‌తో, బ్లోయర్‌తో కొట్టండి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకుని తిరగనివ్వకండి. అప్పటికీ సిస్టమ్ ఇలాగే ఆగిపోతుంటే ఫ్యాన్ విప్పి, ప్రాసెసర్ వేడిని దిమ్మకి అందించే థర్మల్ పేస్ట్ ఎండి పెచ్చులు కట్టి ఉంటుంది, ఆ పాతదాన్ని స్పిరిట్‌తో తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత కొత్తది పెట్టి బిగించాలి. ఏఎమ్‌డీ ప్రాసెసర్ అయితే ఫ్యాన్‌ని నిట్టనిలువుగా లాగెయ్యకండి, పేస్ట్ గట్టిపడి ప్రాసెసర్ కూడా దాంతో పాటు ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. పది నిమిషాలు నడిపి వేడెక్కాక ఆపి, అటూ ఇటూ మెల్లగా తిప్పి తియ్యండి. డబ్బాని నేల మీద కాకుండా చిన్న స్టూలు మీద, గోడకి జానెడు దూరంలో పెట్టండి. మిల్లులో అయితే రెండు నెలలకోసారి ఈ దుమ్ము దులపడం తప్పదు.

టెక్కలి నుంచి: ఏదో సైట్ చూస్తుంటే తెర మొత్తం ఎర్రగా అయిపోయి, సైరన్ మోగుతూ, మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని వచ్చింది. నాన్న ఫోన్ చేసేశారు. వాళ్లు ఏదో యాప్ వేసుకోమన్నారు, వేశారు. తర్వాత అనుమానం వచ్చి ఆపేశారు.

ఆపడం మంచి పని. అది వైరస్ కాదు, ఉత్త బొమ్మ, ఒక వెబ్ పేజీ తెరనంతా ఆక్రమించింది అంతే. ఏ కంపెనీ కూడా అలా తెర మీద ఫోన్ నంబరు పెట్టి పిలవదు. కానీ యాప్ వేశారు కాబట్టి ఇది చదవగానే ఈ వరసలో చెయ్యండి: కంప్యూటర్‌కి నెట్ తీసెయ్యండి, ఆ యాప్ అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి, ఇంకో ఫోన్ నుంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి, బ్యాంకుకి చెప్పండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా 1930కి ఫోన్ చెయ్యండి, సైబర్ మోసాలకి ప్రభుత్వం పెట్టిన నంబరు అది. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బుని అవతలి ఖాతాలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. మళ్లీ అలాంటి తెర వస్తే ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి, పోకపోతే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఎండ్ టాస్క్ చెయ్యండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తిరిగి తెరవమంటావా అని అడిగితే వద్దనండి. నాన్నగారిని మాత్రం ఏమీ అనకండి, ఆ సైరన్ మోత పెట్టేదే మనిషి ఆలోచించకుండా చెయ్యడానికి.

ఉద్దానం నుంచి, వజ్రపుకొత్తూరు వైపు: తిత్లీ తుఫానుకి ముందు కొన్న కంప్యూటర్ మాది. అందులో మా అమ్మ వీడియో ఒకటి ఉంది, ఆవిడ ఇప్పుడు లేరు. మొన్న కరెంటు పోయి వచ్చిన దగ్గర్నుంచి హార్డ్ డిస్క్ టక్ టక్ మంటోంది, విండోస్ రావట్లేదు. ఫార్మాట్ చేస్తే బాగవుతుందన్నారు. ఫార్మాట్ చేస్తే వీడియో ఉంటుందా?

ఉండదు. దయచేసి ఫార్మాట్ చెయ్యనివ్వకండి. కంప్యూటర్ ఇప్పుడే ఆపేసి ప్లగ్గు పీకెయ్యండి, మిగతాది ఆ తర్వాత చదవండి.

2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన ఆ తుఫాను ముందు కొన్నదంటే డిస్క్‌కి వయసైపోయింది, అందులో కరెంటు పోతూ వస్తూ ఉంటే ఇంకా దెబ్బ. లోపల పళ్లేలు తిరుగుతుంటాయి, వాటి మీద వెంట్రుక మందంలో ఎన్నో వేల వంతు ఎత్తులో సన్నటి చెయ్యి కదులుతూ చదువుతుంది. ఆ చెయ్యి తన చోటు వెతుక్కోలేక వెనక్కీ ముందుకీ కొట్టుకుంటుంటే వచ్చేదే టక్ టక్. అలా తిప్పినకొద్దీ పళ్లెం గీసుకుపోతుంది. అందుకే ఊరికే ఆన్ చేసి చూడటం కూడా నష్టమే. డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ చెక్ డిస్క్ కూడా నడపకండి. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని ఎవరైనా చెబితే వినకండి, తేమ చేరి ఉన్నదీ పోతుంది. మూత విప్పకండి, ఒక్క దుమ్ము కణం చాలు.

ఒక ఆశ ఉంది, అది ఒక్కసారే వాడుకోవాలి. ఎస్‌ఎంపీఎస్ బలహీనమైనా, డిస్క్‌కి వెళ్లే వైరు వదులైనా, కరెంటు చాలక కూడా ఇదే చప్పుడు వస్తుంది. కాబట్టి డిస్క్‌ని ఊడదీసి, ఎవరిదైనా మంచి కంప్యూటర్‌లో వాళ్ల వైర్లకి రెండో డిస్క్‌గా తగిలించండి. విండోస్ ఆ కంప్యూటర్‌దే నడవాలి, మీ డిస్క్ నుంచి కాదు. ఆన్ చేసే ముందే ఖాళీ ఉన్న ఇంకో డ్రైవ్ పక్కన సిద్ధంగా పెట్టుకోండి, వీడియో ఏ ఫోల్డర్‌లో ఉందో ఇంట్లో అందర్నీ అడిగి కాగితం మీద రాసుకోండి. డిస్క్‌ని సరిచెయ్యమంటావా, ఫార్మాట్ చెయ్యమంటావా అని విండోస్ అడిగితే రెండిటికీ వద్దనే చెప్పండి. టక్ టక్ మళ్లీ మొదలైతే రెండోసారి ప్రయత్నించకుండా ఆపేసి, డేటా రికవరీ మాత్రమే చేసేవాళ్లకి ఇవ్వండి, దుమ్ము లేని గది ఉందా అని అడగండి, వీడియో రాకపోతే ఎంత తీసుకుంటారో ముందే రాయించుకోండి. ఖర్చు ఎక్కువే అవుతుంది, కానీ తొందరేం లేదు, డబ్బు సమకూరేదాకా ఆ డిస్క్‌ని ముట్టుకోకుండా గుడ్డలో చుట్టి బీరువాలో దాచండి, ఆగి ఉన్న డిస్క్‌కి కొత్తగా గీతలు పడవు.

చప్పుడు లేకుండా తెరుచుకుంటే మాత్రం పెళ్లి ఫొటోలు, పాటలు, ఆధార్ కాపీలు ఏవీ చూడకండి, అన్నీ కలిపి కాపీ పెట్టకండి. కాగితం మీద రాసుకున్న ఆ ఫోల్డర్‌కే నేరుగా వెళ్లి ముందు అమ్మగారి వీడియో ఒక్కటీ కాపీ చెయ్యండి. అది ఇంకో డ్రైవ్ మీద తెరుచుకుని ఆవిడ గొంతు వినబడ్డాక మిగతావి మొదలుపెట్టండి.